జాగిలము నిలుచుట

మచిలీపట్నమున నొక పండితగోష్ఠిలో ప్రబంధములందలి మృగయావర్ణనములను గూర్చి ప్రసంగము నడచుచుండఁగా, మిత్రులొకరు “జాగిలమునకుఁ బక్షులతో నేమి పని? కుందేటిని, లేడిని, పందిని దఱుముట దాని ధర్మము. పక్షులకు డేగ కలదు. జాగిలము పూరేళ్లను గనిపెట్టినట్లు వ్రాయు కవి లోకవిరుద్ధము వ్రాసినవాఁడగును” అని తీర్పు చెప్పిరి. ప్రమాణముగా నమరకోశమందలి శునకపర్యాయములలో నున్న మృగదంశక శబ్దమును జూపిరి. మృగములను గఱచునది మృగదంశకము, పక్షి మృగము గాదు, వాదము ముగిసినది. చాలమంది తలలూఁచిరి. నేనును నూఁచితిని. ఏలయనఁగా ముప్పది యేండ్లుగా విద్యార్థులకు నేనును నట్లే చెప్పుచు వచ్చితిని. ఇల్లు సేరి యాలోచింపఁగా నా తీర్పు వ్యాకరణమునకును సరిపడదు, లోకమునకును సరిపడదని తోఁచినది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లను పట్టుదల యీ వయస్సున నాకు వలదు.

మొదట వ్యాకరణము. అవయవార్థమును బట్టి వస్తువు పనిని నిర్ణయింపఁబూనినచో నెక్కడికిఁ బోవుదుమో చూడుఁడు. ఆ పర్యాయములలోనే కౌలేయక శబ్దము కలదు. పాణిని (4.2.96) కుల శబ్దముపైఁ బ్రత్యయమును విధించుచుఁ గుక్క యను నర్థముననే యీ రూపము సిద్ధించునని నియమించినాఁడు. కుక్షి శబ్దమునుండి కత్తికిఁ గౌక్షేయకమును, గ్రీవా శబ్దమునుండి యాభరణమునకు గ్రైవేయకమును నట్లే వచ్చినవి. కులమునఁ బుట్టినదెల్లఁ గౌలేయకము గాదు. కుక్షిలో నున్నదెల్లఁ గౌక్షేయకమును గాదు. ఇందు రూఢి యోగమును గట్టివేసినది. మృగదంశకమునకు మాత్ర మీ న్యాయ మేల వర్తింపదు? పైఁగా మృగయా శబ్దమునకు మూలమైన చురాదిధాతువున కన్వేషణ మర్థము. వెదకుటయే మృగయ, చంపుట తరువాతి మాట. శ్యేనపాత మే మృగయలోఁ గలదో యది శ్యైనంపాత యని సాధింపఁబడినది (4.2.58, 6.3.71). డేగవేటయు మృగయయే యైనపుడు పక్షులు మృగయకు వెలి యని యెట్లనవచ్చును? డేగ కుందేళ్లనుఁ గూడఁ బట్టును గదా, యీ యుదాహరణము చాలదని యాక్షేపింతురేమో. నిజమే. కాని యా యాక్షేపము నా పక్షమునకే బలము. డేగ రెంటిని బట్టఁగాఁ గుక్క రెంటిని వెదకుట కేమి యడ్డము?

ఇఁకఁ గవిప్రయోగము. శాకుంతల ద్వితీయాంకమున విదూషకుని నిద్ర చెఱచినవారు శకునిలుబ్ధకులు, అనఁగాఁ బక్షివేటకాండ్రు. లేడిని దఱిమిన రాజు పరివారముననే వీరు నుండిరి. రఘువంశ నవమసర్గమున దశరథునకంటె ముందుగా నడవిఁ జొచ్చినవారు కుక్కలమందలవారును, వలలవారును. పాఠము చెప్పునపుడెల్ల నీ రెండు పదములకుఁ బర్యాయములు చెప్పి దాఁటిపోయితిని. కుక్కయు వలయు నేల జతగూడినవో యొకనాఁడైన నన్ను నేనడుగలేదు, విద్యార్థులు నడుగలేదు.

ఐరోపాఖండపు వేటపద్ధతిలో దీనికి మంచి పోలిక దొరకును. తుపాకి వ్యాపింపకమునుపు వేటకుక్క కౌజుల వాసనను గాలిలోఁ బసిగట్టి నేలకు వంగి నిలిచెడిది. వేటకాండ్రు వల లాగి పక్షులమీఁద, నొక్కొకప్పుడు కుక్కమీఁదఁ గూడఁ, గప్పెడివారు. తుపాకి వచ్చిన పిమ్మట నదే నేర్పు పాయింటరు జాతికి వృత్తి యైనది. ఒక ముంగాలెత్తి, ముట్టె చాఁచి, తోఁక బిగించి, బొమ్మవలె నిలుచును, మొఱుగదు, దుముకదు. ఇంగ్లండువారు దీనిని బక్షులకే యుంచిరి. కుందేటి వెంటఁబడిన పాయింటరు చెడినదందురు. జర్మనులును, హంగేరీవారును నట్లు చేయలేదు. జర్మను పొట్టివెండ్రుకల పాయింటరు కౌజును జూపవలయును, కుందేటిని జూపవలయును, గాయపడినదాని జాడఁ బట్టవలయును, చచ్చినదానిని దెచ్చి యీయవలయును. ఈ భేదమునకుఁ గారణము కుక్క ముక్కులో లేదు. కుందేటి కాళ్లలో నున్నది. పక్షి యెగిరినచోఁ గుక్కకు వెంటఁబడుటకు వీలు తక్కువ. కుందేలు పాఱినచోఁ గన్నులయెదుట నేలపైనే పాఱును. నిలుచుట మఱచి తఱుముటకు నంతకన్న నాశపెట్టునది వేఱొకటి లేదు. ఆ యాశ నణఁచుట కష్టము గనుకఁ గొందఱు కుందేటినే నిషేధించిరి. కొందఱు కష్టపడి కుక్కకు నేర్పిరి.

అంత దూరము పోవనక్కఱయు లేదు. నా చిన్ననాఁడు దివిసీమ లంకపొలములలో నొక రైతు నాటుకుక్క రెల్లుదుబ్బు ముందర ముంగాలెత్తి నిలిచిపోయెను. కుందేలుండునని పిల్లల మందఱము గుమిగూడితిమి; బుఱ్ఱుమని కౌజులు లేచినవి. మఱునాఁ డదే కుక్క యదే తీరున నిలిచెను. ఈ మాఱు చెవులపిల్లి దూఁకెను. రెండు దినములును గుక్క చేసిన పని యొక్కటే.

దండి తన వర్ణనల పట్టికలో మృగయను లెక్కింపలేదు, సాహిత్యదర్పణకారుఁడు లెక్కించెను. మన ప్రబంధకవులు దానిని బ్రీతితోఁ జేపట్టిరి. మనుచరిత్రమున స్వరోచి వేటయుఁ, గాళహస్తిమాహాత్మ్యమునఁ దిన్నని వేటయుఁ జదువని పండితుఁడుండఁడు. వానిలోని కోలాహలమునకు నేనును ముగ్ధుఁడనే. అయినను నా కొక కొఱఁత తోఁచుచున్నది: అందు వేటయనఁగా సందడియే, ఊపిరి బిగఁబట్టు క్షణము నా మనసున నిలువలేదు. ఆముక్తమాల్యదలో ఱెక్కలలోఁ దలలు దూర్చి నిద్రించు బాతులను దలారులు బ్రాహ్మణులు మఱచిన పిండినవస్త్రములని భ్రమించినట్లు వ్రాసిన రాయల కన్ను నిలిచిన జాగిలముపైఁ బడియున్న నెంత బాగుండెడిది! ఆ కావ్యమునకు స్వప్నప్రేరణ కలిగిన శ్రీకాకుళము మా కృష్ణాతీరముననే కలదు గనుక నీ యాశ కొంత స్వదేశాభిమాన మనుకొన్నను సరే. ఆ రాజ్యస్థాపనకథలోఁ గుందేలు వేటకుక్కలపైఁ దిరుగఁబడినదని 16వ శతాబ్దిలోఁ బోర్చుగీసు నూనిజు సైతము వ్రాసెను. మనవారు కుందేటికిఁ గఱచు శౌర్య మిచ్చిరి గాని కుక్కకు నిలుచు నేర్పు నీయరైరి.

కవులకంటె మా వ్యాఖ్యాతల దోషమే పెద్దది. అమరుఁడు మృగయాకుశలమైన కుక్కకు విశ్వకద్రు వని వేఱు పేరిచ్చెను. కుశల మన్నాఁడు గాని వేగవంత మనలేదు. మేము ‘జాగిలము, వేటకుక్క’ అని వ్రాసి చేతులు దులుపుకొంటిమి. 1972వ సంవత్సరపు వన్యప్రాణిసంరక్షణచట్టము వచ్చిన తరువాతఁ గుందేటినిగాని కౌజునుగాని వేటాడుట నేరము, అది మంచిదే. కాని నేఁటి విద్యార్థి యీ దృశ్యమును బొలములో నేర్వలేఁడు, టీకలోనే నేర్వవలయును. నా పాతపుస్తకపుటంచున ‘జాగిలము: పరువెత్తు వేటకుక్క’ అని నా చేవ్రాలు గలదు. ‘పరువెత్తు’ అనుదానిని గొట్టివేసి, ‘వాసనఁ బట్టి వెదకు’ అని వ్రాసితిని.