వెయ్యి రోజుల పాఠం

పుట్టుకను బట్టి మనిషిని తక్కువగా చూడడం, ఆ చూపును కట్టుబాటుగా మార్చి తరతరాలకు అప్పగించడం ప్రపంచంలో అనేక రూపాల్లో సాగింది. అమెరికాలో అది చర్మపు రంగును ఆశ్రయించి జాతి వివక్ష అయింది; భారతదేశంలో కులాన్ని ఆశ్రయించి అంటరానితనం దాకా వెళ్లింది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడానికి డాక్టర్ అంబేడ్కర్ ఒప్పుకోలేదు. కులాలు వేర్వేరు జాతుల రక్తం నుంచి పుట్టాయన్న సిద్ధాంతాన్ని ఆయన 1936లో వెలువడిన ‘కుల నిర్మూలన’లో తోసిపుచ్చారు. అయినా 2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జాతి వివక్షపై ఐక్యరాజ్యసమితి జరిపిన ప్రపంచ సదస్సుకు దళిత సంఘాలు కులాన్ని తీసుకువెళ్లాయి. మరుసటి ఏడాది ఆ సమితికే చెందిన జాతి వివక్ష నిర్మూలన కమిటీ, వంశాన్ని బట్టి అంటగట్టిన హోదా ఆధారంగా చూపే వివక్ష, అంటే కుల వివక్ష సైతం, తాను పర్యవేక్షించే ఒప్పందం పరిధిలోకే వస్తుందని తేల్చింది. మూలాలు వేరైనా ఆరేళ్ల పిల్ల మనసు మీద రెండూ వేసే ముద్ర ఒకటే గనుక, బడిలో సమానత్వం గురించి ఇతర దేశాల్లో జరుగుతున్న ఆలోచన వరంగల్ ప్రాథమిక పాఠశాలకు పరాయిది కాదు.

బడి గడప దాటడమే ఒక పోరాటమైన కాలం ఈ నేల మీద ఎంతో దూరంలో లేదు. నిజాం రాజ్యంలో దళిత పిల్లలకు చదువు అందని రోజుల్లో సంఘ సంస్కర్త భాగ్యరెడ్డివర్మ 1910లో హైదరాబాద్‌లో వారి కోసం బడి తెరిచి, ఆ ప్రయత్నాన్ని మరిన్ని బడులకు విస్తరించారు. తర్వాతి దశాబ్దాల్లో ప్రభుత్వమే వాటి బాధ్యతను స్వీకరించింది. అయితే ప్రవేశం దొరకడం, సమానంగా ఉండగలగడం రెండు వేర్వేరు మెట్లు. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో 1960 నవంబరులో ఆరేళ్ల రూబీ బ్రిడ్జెస్ అనే నల్లజాతి బాలిక తెల్లవారి ప్రాథమిక పాఠశాలలోకి ప్రభుత్వ రక్షణ సిబ్బంది నడుమ అడుగుపెట్టినప్పుడు న్యాయస్థానం ఆమెకు గడప దాటే హక్కును మాత్రమే ఇవ్వగలిగింది. తెల్ల తల్లిదండ్రులు తమ పిల్లలను మాన్పించడంతో ఆమె ఆ ఏడాదంతా ఒకే ఉపాధ్యాయురాలి ఎదుట ఒంటరిగా చదువుకుంది. చట్టం తలుపు తెరుస్తుంది. లోపలికి వచ్చిన పిల్లకు తోడు ఎవరు, చోటు ఎక్కడ, పని ఏమిటి అన్నవి మాత్రం బడి నడిపేవారి చేతిలో ఉంటాయి.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పని దినాలు ఉండాలని నిర్దేశించింది. అంటే ప్రాథమిక విద్య ముగిసేసరికి ఒక పిల్ల వెయ్యి రోజులు బడిలో గడుపుతుంది. ఆ వెయ్యి రోజుల్లో సాంఘిక పాఠంలో సమానత్వం గురించి చదివేది కొన్ని గంటలే. మిగిలిన కాలమంతా తన పేరును ఎలా పిలుస్తున్నారో, చీపురు ఎవరి చేతికి ఇస్తున్నారో, అన్నం ఎవరి పక్కన కూర్చుని తింటున్నారో చూస్తూ ఆ పిల్ల నేర్చుకునేదే అసలైన సాంఘిక పాఠం. కాబట్టి సమానత్వం అంటే ప్రార్థనలో ఒక ప్రతిజ్ఞ, గోడ మీద ఒక నినాదం అనుకునే బడి సగం దారిలోనే ఆగిపోతుంది. దాన్ని పనుల పంపకంగా, దినచర్యగా మార్చుకున్న బడే దాన్ని బోధించగలుగుతుంది.

ఈ పాఠానికి అన్నిటికన్నా పెద్ద పరీక్ష మధ్యాహ్న భోజనం. ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో ఈ పథకం మొదలైంది. వంటవారి, సహాయకుల నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికి ప్రాధాన్యం ఇవ్వాలని అదే న్యాయస్థానం 2004 ఏప్రిల్ 20న మరో ఆదేశం ఇచ్చింది. ఈ రెండో ఆదేశం విలువ ఉపాధి కల్పనతో ముగిసేది కాదు. ఎవరి చేతి నీళ్లు ముట్టరాదని ఊరు శతాబ్దాలుగా శాసించిందో, వారి చేతి వంటను ఊరి పిల్లలంతా ఒకే వరుసలో తినాలని అది కోరింది. ఆంధ్రప్రదేశ్ సహా ఐదు రాష్ట్రాల్లో 531 గ్రామాలను పరిశీలించిన దళిత అధ్యయనాల సంస్థ నివేదిక, దళిత వంటవారిని అడ్డుకోవడం, పిల్లలను విడిగా కూర్చోబెట్టడం వంటి పద్ధతులను నమోదు చేసింది. తెలంగాణ ఏర్పడ్డాక 2015 జనవరి నుంచి బడి భోజనానికి సన్నబియ్యం వచ్చాయి. పళ్లెంలో మెతుకు నాణ్యత మెరుగుపడినట్టే పంక్తిలో మర్యాద కూడా మెరుగుపడిందా అని ప్రధానోపాధ్యాయులు చూడవలసి ఉంది. ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునే పిల్లలు ఎవరు, ఎందుకు తెచ్చుకుంటున్నారు, ఉపాధ్యాయులు ఆ భోజనాన్ని పిల్లల మధ్య కూర్చుని తింటున్నారా లేదా అన్నవి చిన్న ప్రశ్నల్లా కనిపించినా, టీచరమ్మ తిన్న అన్నాన్ని తక్కువ చేసి మాట్లాడే ధైర్యం ఏ పిల్లకూ, ఏ తల్లిదండ్రులకూ అంత సులువుగా రాదు.

భోజనం తర్వాత స్థానం పనులది. గది ఊడ్చడం, నీళ్లు మోయడం, మరుగుదొడ్డి కడగడం వంటి పనులు కొందరు పిల్లలకే మళ్లీ మళ్లీ పడుతున్నాయని, వారిలో దళిత, ఆదివాసీ, ముస్లిం పిల్లలు ఉన్నారని హ్యూమన్ రైట్స్ వాచ్ 2014లో ఆంధ్రప్రదేశ్‌తో పాటు మరికొన్ని చోట్ల పరిశీలించి చెప్పింది. మరుగుదొడ్డి శుభ్రం చేయడం ఏ పిల్ల పనీ కాదు. తరగతి గదిని సర్దుకోవడం, నల్లబల్ల తుడవడం, మొక్కలకు నీళ్లు పోయడం అందరి పని. ఈ తేడాను కాపాడడానికి గొప్ప సిద్ధాంతం అక్కర్లేదు. హాజరుపట్టీలోని వరుస ప్రకారం ప్రతి వారం మారే పనుల పట్టికను గోడకు అంటించి దాన్ని తప్పకుండా పాటిస్తే చాలు. గౌరవం తెచ్చే పనులకూ ఇదే సూత్రం వర్తించాలి. ప్రార్థనలో వార్తలు చదివేది, అతిథులకు పూలగుచ్ఛం ఇచ్చేది, లీడరుగా నిలబడేది ఎప్పుడూ ఆ నలుగురే అయితే, చీపురు పట్టేది ఎప్పుడూ ఈ నలుగురే కావడంతో సమానమైన అన్యాయమే అక్కడ జరుగుతోంది. ఉపాధ్యాయుడు కావాలని అలా ఎంచుకోకపోవచ్చు. చురుకుగా కనిపించే పిల్లలను పిలవడం ఆయనకు అలవాటై ఉండవచ్చు. అయితే ఇంట్లో పలక, పుస్తకం, చదివిన పెద్దలు ఉన్న పిల్లే మొదట చురుకుగా కనిపిస్తుంది గనుక, ఆలోచించకుండా చేసే ఎంపిక పాత అంతరాన్నే మళ్లీ రాస్తుంది.

ఇక్కడే ఒక సాధారణ వాదన ఎదురవుతుంది: మంచి ఉపాధ్యాయుడికి పిల్లల కులం తెలియకూడదని, తెలుసుకోవడమే వివక్షకు మొదలని చాలామంది నిజాయితీగా నమ్ముతారు. కానీ ఎవరు వెనుకబడ్డారో లెక్క లేకుండా న్యాయం సాధ్యం కాదు. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి కులగణన చేపట్టినప్పుడు ప్రాథమిక పాఠశాలలను ఒంటిపూటకు కుదించి ఆ ఉపాధ్యాయులనే గణకులుగా పంపింది. లెక్క విలువ వారికి తెలియనిది కాదు. తెలుసుకోవడం వేరు, తరగతిలో చాటడం వేరు. వివరాల నమూనాలు నింపే రోజున ‘ఎస్సీ పిల్లలు లేవండి’ అని నిలబెట్టడం ఆ పిల్లలకు పేరు పోయి వర్గం మిగిలిన క్షణం. అదే సమాచారం ప్రవేశ రిజిస్టరులోనే దొరుకుతుంది, లేదంటే తల్లిదండ్రులను విడిగా అడిగి తీసుకోవచ్చు. అలా గోప్యంగా ఉంచుకున్న సమాచారంతో ఉపాధ్యాయుడు ఏడాదికి ఒకసారైనా హాజరును, చదవడం రాయడంలో ప్రగతిని, తాను వేసిన శిక్షలను, ఇచ్చిన ప్రశంసలను వర్గాల వారీగా పోల్చి చూసుకుంటే, ఎవరూ చెప్పకుండానే తన గది స్వరూపం ఆయనకు తెలుస్తుంది.

భాష విషయంలో వరంగల్ ప్రాంతానికి ప్రత్యేకమైన బాధ్యత ఉంది. ఉమ్మడి జిల్లాలోని తండాల నుంచి వచ్చే లంబాడీ పిల్లలు ఇంట్లో గోర్‌బోలి మాట్లాడతారు. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు గూడేల పిల్లలకు కోయ భాషతో అనుబంధం ఉంది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణంలో చెబుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కోయ, గోండి, బంజారా (గోర్‌బోలి) సహా ఎనిమిది భాషల్లో బహుభాషా విద్యా ప్రయోగం ప్రారంభమైంది. ఇంటి భాషలో చదువు మొదలుపెట్టి క్రమంగా తెలుగులోకి తీసుకురావడం దాని పద్ధతి. అటువంటి వంతెన లేని గదిలో తెలుగు ఆలస్యంగా అందుకున్న పిల్ల మీద ‘మొద్దు’ అన్న ముద్ర పడుతుంది. తెలంగాణ యాసను ఎగతాళి చేసిన కాలాన్ని ఎదిరించి, ప్రజల నోటి భాషకు గౌరవం కావాలని జీవితమంతా పోరాడిన కవి కాళోజీ హనుమకొండ వీధుల్లో నడిచిన మనిషి. ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకునే బడులు, ఆ గౌరవాన్ని తండా పిల్ల పలుకుకు కూడా పంచినప్పుడే ఆ వేడుకకు అర్థం ఉంటుంది.

ఉపాధ్యాయుడు ఒక్కడే మోయగల భారం కాదిది. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలని, అణగారిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి నిష్పత్తిలో చోటు ఉండాలని, సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలని విద్యాహక్కు చట్టం నిర్దేశించింది. 2024లో ఏర్పాటైన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు మహిళా సంఘాలను బడి పనుల్లోకి తెచ్చాయి. కమిటీ ఏదైనా, కూలికి వెళ్లే తల్లి రాగలిగిన వేళలో సమావేశం పెట్టాలి. వచ్చిన తల్లికి కుర్చీ చూపించి, సంతకానికి ముందు మాట అడగాలి. లేకపోతే ప్రాతినిధ్యం కాగితం మీదే మిగులుతుంది.

అన్నిటికన్నా కఠినమైన ప్రశ్న బడి గోడల బయట ఉంది. చేతనైన కుటుంబాలు ప్రైవేటు బడుల బస్సులను ఎంచుకోవడంతో చాలా గ్రామాల్లో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల పేదలకు, దళిత, గిరిజన, బీసీ పిల్లలకే మిగిలింది. గదిలోని విభజన తగ్గినట్టు కనిపించి ఊళ్లో విభజనగా మారింది. ప్రైవేటు పాఠశాలల్లో పావు వంతు సీట్లు బలహీన వర్గాలకు ఇవ్వాలన్న చట్ట నిబంధన ఈ గోడను తగ్గించడానికే వచ్చినా, తెలంగాణలో అది ఏళ్ల తరబడి అమలుకు నోచుకోలేదు. సంపన్నుల పిల్లకు పేద పిల్ల స్నేహం అందకపోవడం కూడా చదువులో లోటే.

వరంగల్‌ను యునెస్కో 2022లో ప్రపంచ లెర్నింగ్ సిటీల జాబితాలో చేర్చింది. ఆ గుర్తింపును నిలబెట్టుకునే పని పెద్ద సభలతో కాక, ఉపాధ్యాయులు కలుసుకునే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలతో మొదలుకావడం సముచితం. చదవడం, రాయడం, లెక్కల ప్రగతిని సమీక్షించే ఆ వేదిక మీద పనుల పట్టిక, భోజన పంక్తి, ప్రార్థనలో అవకాశాలు, ఇంటి భాష, తల్లుల హాజరు అన్న ఐదు అంశాలను కూడా ప్రతిసారీ చర్చించాలని మండల విద్యాధికారులు నిర్ణయించవచ్చు. దానికి కొత్త నిధులు, కొత్త చట్టం అవసరం లేదు. సమానత్వాన్ని మంచి మనసుకు వదిలేసిన బడిలో అది ఆ ఉపాధ్యాయుడి బదిలీతోనే వెళ్లిపోతుంది. పద్ధతిగా రాసి పెట్టుకున్న బడిలో కొత్తగా వచ్చినవారు కూడా దాన్ని మొదటి రోజు నుంచే పాటించవలసి వస్తుంది.