అక్షరమునకు తాళము - కాపీరైటు చట్టముపై ఒక విమర్శ

అచ్చుపుస్తకము కొన్నవాడు దానిని అరుగుమీదనైనను, దీపమువద్దనైనను చదువుకొనవచ్చును. చూపులేనివానికి చదివి వినిపింపవచ్చును. ఆ పుస్తకమే కంప్యూటరు ఫైలుగా మారినప్పుడు ఈ స్వాతంత్ర్యము ఎంతవరకు నిలుచునో పరిశీలింపవలసియున్నది.

ఉదాహరణకు, కోనసీమలోని ఒక గ్రామచరిత్ర ఇరువది ఏండ్ల క్రితము అమలాపురములోని ఒక డి.టి.పి. దుకాణములో టైపు చేయబడినదనుకొందము. రాజోలులోని చూపులేని విద్యార్థి ఒకడు ఆ ఫైలును సంపాదించి ఫోనుచేత చదివించుకొనబోయెను. ఫోను అర్థములేని ఇంగ్లీషు అక్షరములను వల్లించినది. కారణమేమి? ‘అను’ ఫాంటుల వంటి పాతపద్ధతిలో, ఇంగ్లీషు అక్షరములకును గుర్తులకును కేటాయించిన స్థానములలో తెలుగు అక్షరముల ముక్కలు బొమ్మలుగా అమర్చబడినవి. ఆ ఫాంటున్న యంత్రములోనే అది తెలుగుగా కనబడును. యూనికోడులో అట్లు కాదు. తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు ప్రత్యేకింపబడినవి. ‘క’ సంఖ్య 3093. ఏ ఫాంటు వాడినను ఆ సంఖ్య మారదు.

ఇచ్చట రెండు ఆస్తులు పెనవేసికొనియున్నవి. మాటలు గ్రంథకర్తవి, ఫాంటు, దానిని నడపు ప్రోగ్రాము తయారీదారువి. 1957 నాటి కాపీరైటు చట్టము కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్యకృతులలో చేర్చి, రచయిత మరణానంతరము 60 ఏండ్లవరకు రక్షణ నొసగుచున్నది. పదేండ్లలో పాతబడు ప్రోగ్రామునకు కావ్యముతో సమానమైన ఆయుర్దాయము! నేడు నాటిన కొబ్బరిమొక్క ముసలిదగు నాటికిని ఆ గడువు తీరకపోవచ్చును.

అయితే వాడుకదారునికి రక్షణలు లేకపోలేదు. 52వ సెక్షను ప్రకారము, ప్రోగ్రామును న్యాయముగా పొందినవాడు నష్టభయము లేకుండ ఒక ప్రతి తీసి దాచుకొనవచ్చును. వేరొక ప్రోగ్రాముతో దానిని కలిపి పనిచేయించుటకు కావలసిన సమాచారము సులభముగా దొరకనప్పుడు, శోధించి రాబట్టవచ్చును. 2012 సవరణ మరియొక మేలు చేసినది. మామూలు ప్రతిని వాడుకొనలేని వికలాంగుల చదువునకై ఏ కృతినైనను వారికి అనువైన రూపములోనికి మార్చి ఇయ్యవచ్చును. 2013 నాటి మర్రాకెష్ ఒప్పందమును అందరికంటె ముందు, 2014లో, ధ్రువీకరించినది భారతదేశమే. కావున రాజోలు విద్యార్థికి ఆ చరిత్రను యూనికోడులోనికి మార్చి ఇచ్చుట నేరము కాదు.

పేటెంటు విషయమునను చట్టము కొంత మేలే. 1970 నాటి పేటెంట్ల చట్టము, 3(కె) సెక్షను, కేవలము కంప్యూటరు ప్రోగ్రామైనదానికి పేటెంటు లేదన్నది. 2004లో ఆర్డినెన్సు దీనిని సడలించినను, 2005లో పార్లమెంటు ఆ సడలింపును నిలుపలేదు. ‘కేవలము’ అను మాటపై వాదములు మాత్రము తెగలేదు.

అసలు లోపము మరియొకచోట నున్నది. ఆ 2012 సవరణయే 65ఎ సెక్షనును చేర్చినది. హక్కులను ఉల్లంఘించు ఉద్దేశముతో డిజిటలు తాళమును ఛేదించినవానికి రెండేండ్లవరకు ఖైదు, జరిమానా. చట్టము నిషేధింపని పనికై తాళము తీయవచ్చును. కాని తీయుటకు తోడ్పడినవాడు, సాయము పొందినవాని పేరు, చిరునామా, ప్రయోజనము పూర్తిగా వ్రాసి ఉంచవలెను. కొత్తపేటలోని బడిపంతులు తాళమున్న ఈ-పుస్తకమును తన శిష్యునికి వినిపింపదలచినచో రిజిస్టరు తెరువవలెనా? తాళములేని ప్రతి నిమ్మని ప్రచురణకర్తను నిర్బంధించు మాట ఆ సెక్షనులో లేదు. భారమంతయు సాయము చేయువానిపైననే పడినది. కుడిచేత ఇచ్చి ఎడమచేత లాగికొనుట యనగా ఇదియే.

పోతన 2000, వేమన 2000 ఫాంటులు జి.పి.ఎల్. షరతులపైనను, మండలి, రామభద్ర మొదలగునవి ఓపెన్ ఫాంట్ లైసెన్సుపైనను లభించుచున్నవి. వీనిని ఎవరైనను వాడవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. తయారీదారులే తలుపు తెరచి ఉంచగలిగినప్పుడు, చట్టము వికలాంగుల గుమ్మమువద్దనైనను తాళము తీయరాదా? ప్రజాధనముతో వెలువడు ప్రతి తెలుగు పుస్తకమును యూనికోడులో ఇయ్యవలెను. 65ఎలోని రిజిస్టరు నిబంధనను వికలాంగుల విషయమున తొలగింపవలెను. చదువుకొను హక్కు కాగితముపై ఉన్నంతమాత్రమున చాలదు. అది చెవికిని వినబడవలెను.