నఠభైరవిలో ఠకారం

శంకరాభరణం కర్ణాటక సంగీతంలోని మేళకర్తల, అంటే మూలరాగాల, పట్టిక కంటే చాలా పాత రాగం. పట్టికలో చేర్చేటప్పుడు దాని ముందు ‘ధీర’ అన్న రెండక్షరాలు తగిలించారు. కచేరీలో ఆ రెండక్షరాలను పలికేవారు అరుదు. అలాగని అవి అలంకారానికి పెట్టినవి కావు. ధ అంటే తొమ్మిది, ర అంటే రెండు. వెనకనుంచి చదివితే 29. డెబ్బై రెండు మేళాల్లో శంకరాభరణం ఉండే చోటు అదే. తోడి ముందు ‘హనుమ’, కల్యాణి ముందు ‘మేచ’, మాళవగౌళ ముందు ‘మాయా’ చేరింది కూడా ఈ పనికోసమే.

ఈ అక్షరసంఖ్యల పద్ధతి పేరు కటపయాది. క నుంచి ఝ దాకా ఒకటి మొదలు తొమ్మిది, ఞ సున్న. ట నుంచి ధ దాకా మళ్లీ ఒకటి మొదలు తొమ్మిది, న సున్న. ప నుంచి మ దాకా అయిదు అంకెలు, య నుంచి హ దాకా ఎనిమిది. గుణింతానికి విలువ లేదు. కేరళ జ్యోతిష గణితజ్ఞులు గ్రహగణితపు అంకెలను శ్లోకాల్లో ఇమడ్చడానికి ఎంతోకాలం వాడిన పద్ధతి ఇది. పదిహేడో శతాబ్దంలో తంజావూరు నాయకరాజుల ఆస్థానంలో వేంకటమఖి ‘చతుర్దండి ప్రకాశిక’ రాసి 72 మేళాల చట్రం కట్టాడు. ఈ పేర్లు తరవాతివారు పెట్టినవి.

పేరులోంచి అంకె తీయడం సగం పనే. ఆ అంకెలోంచి స్వరాలన్నీ బయటికి వస్తాయి. 36 దాకా శుద్ధమధ్యమం, ఆపైన ప్రతిమధ్యమం. ఆరేసి మేళాలకు ఒక చక్రం. రిషభ గాంధారాలను చక్రం చెబుతుంది, ధైవత నిషాదాలను చక్రంలో మేళం ఉన్న వరస చెబుతుంది. 29ని ఆరుతో భాగిస్తే లబ్ధం 4, శేషం 5. నాలుగు చక్రాలు దాటి అయిదో చక్రంలో అయిదో మేళం. కాబట్టి చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం. దీనికి 36 కలిపితే 65, మేచకల్యాణి. మధ్యమం ఒక్కటే మారింది.

నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇంకొకటుంది. రి-గ జంటలు ఏ వరసలో పెరుగుతాయో ద-ని జంటలూ అదే వరసలో పెరుగుతాయి. అందువల్ల రెండో చక్రంలో రెండోది, మూడో చక్రంలో మూడోది, ఇలా ఎంచుకుంటూ పోతే పూర్వాంగం, ఉత్తరాంగం ఒకే పోలికలో ఉన్న మేళాలు దొరుకుతాయి. 1, 8, 15, 22, 29, 36. అంటే కనకాంగి, తోడి, మాయామాళవగౌళ, ఖరహరప్రియ, శంకరాభరణం, చలనాట. ఏడేసి అంకెల ఎడం. సంగీతం నేర్చుకునే పిల్లల చేత మొదట పాడించే మాయామాళవగౌళ ఈ వరసలోదే కావడం ఎంత చక్కగా ఉందో చూడండి.

చక్రాల పేర్లలోనూ లెక్క ఉంది, కాకపోతే దారి వేరు. ఇందు ఒకటి, నేత్ర రెండు, అగ్ని మూడు, వేద నాలుగు, బాణ అయిదు. అలా రుద్ర పదకొండు, ఆదిత్య పన్నెండు. అక్కడ అర్థం లెక్క చెబుతుంది, మేళం పేరులో అక్షరం చెబుతుంది.

పేర్ల పట్టికలు రెండున్నాయి. ఈనాడు అందరూ వాడేది కనకాంగితో మొదలవుతుంది, గోవిందాచార్యుల ‘సంగ్రహచూడామణి’ దారిది. ముత్తుస్వామి దీక్షితుల సంప్రదాయం కనకాంబరితో మొదలయ్యే పట్టికను పాటిస్తుంది. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో ప్రకటించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ ఆ పట్టిక ప్రకారమే సాగుతుంది. రాగస్వరూపాల్లో రెంటికీ తేడాలున్నా అంకెలు మాత్రం తప్పవు. ఇక్కడ హనుమతోడి, అక్కడ జనతోడి. హ, జ రెండూ ఎనిమిదే. ఇక్కడ మేచకల్యాణి, అక్కడ శాంతకల్యాణి. మ, శ రెండూ అయిదే, చ, త రెండూ ఆరే. ఇరవై రెండో చోట ఇక్కడ ఖరహరప్రియ ఉంటే అక్కడ శ్రీరాగం ఉంది. శ్రీలో చివరి హల్లు ర, తరవాతి అక్షరమూ ర. ఏమీ తగిలించకుండానే పాత పేరు తన అంకెను తానే పలికింది.

పనిలో సడలిన చోటు సంయుక్తాక్షరాల దగ్గర ఉంది. చివరి హల్లును లెక్కించాలన్నది నియమం. రత్నాంగిలో ‘త్నా’కు న తీసుకుంటే 2, సూర్యకాంతంలో ‘ర్య’కు య తీసుకుంటే 17, రెండూ సరిపోతాయి. చక్రవాకం దగ్గరికొచ్చేసరికి ‘క్ర’లో మొదటి హల్లు క తీసుకుంటేనే 16. నియమం ప్రకారం ర తీసుకుంటే 26 అవుతుంది, అది చారుకేశి చోటు. దివ్యమణి, విశ్వంభరి, చిత్రాంబరి కూడా ఇంతే. సింహేంద్రమధ్యమంలోనైతే ‘సిం’లోని నిండుసున్నను మకారంగా చదివితే గాని 57 రాదు. చక్కని పేరు కోసం నియమాన్ని కొంచెం వంచారని నా అభిప్రాయం. ఇవన్నీ విడిగా గుర్తుపెట్టుకోవలసినవే.

ఒక్క ఒత్తు మాత్రం వదులుకోకూడదు. పదో మేళం నాటకప్రియ. న సున్న, ట ఒకటి. ఇరవయ్యో మేళం నఠభైరవి. న సున్న, ఠ రెండు. చాలాచోట్ల దీన్ని నటభైరవి అని రాస్తున్నారు. అలా రాస్తే అది పదో చోటికి వెళ్లిపోతుంది, దాని రిషభ ధైవతాలు తప్పుతాయి. ఇంగ్లీషు అక్షరాల్లో చూసి తిరిగి తెలుగులో రాసేటప్పుడు ఈ ఒత్తు జారిపోవడం సులువు. మన లిపిలో ట, ఠ రెండూ వేరువేరుగా ఉన్నాయి. సంగీత పాఠ్యపుస్తకాలు, కచేరీ కరపత్రాలు అచ్చువేయించే వారందరికీ నా విన్నపం: దయచేసి నఠభైరవి అని ఠకారంతోనే వేయించండి.