పదసూచిలో గ్రీకు మాటలు

అరిస్టాటిల్ కావ్యశాస్త్రం మీద తెలుగులో వచ్చిన విమర్శగ్రంథాన్ని దేన్నైనా చివరి నుంచి తెరిచి చూడండి. దగ్గర అధ్యాపకుడు లేని దూరవిద్య విద్యార్థికి ఆ పదసూచే దారి చూపాలి. ‘కథర్సిస్’ అని వెతికి కనబడకపోతే ఆ చర్చే పుస్తకంలో లేదనుకుంటాడు. అదేమో ‘కౌ’ కూడా దాటిన తరువాత ‘క్యాథార్సిస్’గా ఉంటుంది.

‘హమర్తియా’ గ్రీకులో ఆల్ఫాతో మొదలవుతుంది. అక్కడ హకార ధ్వనికి అచ్చు మీద చిన్న గుర్తు పెడతారు; అకారాది క్రమంలో దాన్ని లెక్కించరు. 1843లో వెలువడిన లిడెల్-స్కాట్ నిఘంటువుదీ ఇదే పద్ధతి. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాట మొదటి అక్షరం నుంచి దాదాపు చివరికి చేరుతుంది. చేరనివ్వండి. గ్రీకు రాని పాఠకుడికి గ్రీకు వరుస ఎందుకు?

అసలు నష్టం మరోచోట ఉంది. ‘ఎథొస్’ అంటే అలవాటు; ‘ఏథొస్’ అంటే శీలం. విషాదనాటకపు ఆరు అంగాలలో రెండోది ఒకటి. ఈ రెండు మాటల దగ్గరితనం మీదనే అరిస్టాటిల్ నికోమాకియన్ నీతిశాస్త్రం రెండో భాగాన్ని మొదలుపెడతాడు. రోమన్ లిపిలో రెంటికీ ఒకే అక్షరం. దీర్ఘానికి పైన గీత గీసినా వరుసలో దానికి విలువ ఇవ్వరు. మనకు ఎ, ఏలు వేరు, ఒ, ఓలు వేరు; సూచిలో వాటి చోట్లూ వేరే. ప్రాచీన ఏథెన్సులో మహాప్రాణాలుగా పలికిన మూడు హల్లులకు థ, ఫ, ఖలు సిద్ధంగా ఉన్నాయి. ఇంత సదుపాయం చేతిలో ఉంచుకొని ఇంగ్లీషు ఉచ్చారణ మీదుగా ‘ఈథోస్’ అని రాసుకొని రెండు మాటలనూ కలిపేస్తున్నాం.

అన్నిచోట్లా మూలోచ్చారణకే పట్టుబట్టమని కాదు. ‘సైకీ’ని ‘ప్సూఖే’ అని రాసి పకారం కింద పెడితే ఎవరూ వెతకరు. అలాంటిచోట వాడుక రూపాన్నే ఉంచి, రెండో రూపం దగ్గర ‘చూ. సైకీ’ అంటే చాలు.

ఇది చెప్పే అర్హత నాకు పూర్తిగా లేదు. నా పుస్తకానికి సూచిని కంప్యూటరు వరుస పెట్టింది, నేను సరిచూడలేదు. అచ్చయ్యాక ఒక విద్యార్థిని ఉత్తరం రాసింది: ‘మిమేసిస్’ దగ్గర మూడు పేజీల సంఖ్యలు, ‘మైమెసిస్’ దగ్గర వేరే అయిదు ఉన్నాయట; రెండూ ఒకటేనా అని అడిగింది.