రేడియోలో పాట యాడుంది?

బ్రహ్మంగారి కథల్లో చిన్నపిల్లలకు చెప్పడానికి అన్నిటికన్నా కష్టమైనది కక్కయ్య కథ. బ్రహ్మంగారు తన శిష్యుడు సిద్ధయ్యకు షట్చక్రాల గురించి చెబుతుంటారు. ఒంట్లో ఏ చక్రం దగ్గర ఏ దేవత కొలువుంటుందో వివరిస్తుంటారు. చాటు నుంచి ఆ మాటలు విన్న కక్కయ్య ఇంటికి పోయి, నిద్రపోతున్న పెళ్లాం ఒళ్లు కోసి దేవతల కోసం వెతుకుతాడు. నెత్తురూ పేగులూ తప్ప ఏమీ కనబడవు. స్వామి అబద్ధం చెప్పాడని మఠానికి పరుగెత్తుతాడు. బ్రహ్మంగారు వచ్చి ఆమెను బతికిస్తారు, కక్కయ్య శిష్యుడైపోతాడు. కడప జిల్లాలో పెద్దవాళ్లకు ఇది తెలిసిన కథే. అయినా ఎనిమిదేళ్ల పిల్ల ముందు కూర్చుని చెప్పమంటే నోరు పెగలదు. కొందరు కత్తి దగ్గరికి రాగానే గబగబా దాటేస్తారు. ఇంకొందరు కథనే వదిలేస్తారు.

మైదుకూరులో ఒక పెద్దామె ఈ కథను పిల్లలకు చెప్పిన తీరు చూశాను. ఆ ఇంట్లో పిల్లలంతా ఆమెను జేజి అంటారు. ఇక్కడ నేనూ అదే మాట వాడుకుంటాను. ప్రతి శనివారం రాత్రి అన్నాలయ్యాక ఆమె ఇంటి పిల్లలను, పక్కింటి ఇద్దరు ముగ్గురిని నడవలో కూర్చోబెడుతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని భజన అంటారు గానీ అందులో భజన పావు వంతు కూడా ఉండదు. ముప్పావు వంతు పాఠం. పాఠం అనే మాట మాత్రం ఆమె ఎప్పుడూ అనదు.

ఆ శనివారం ఆమె కథతో మొదలుపెట్టలేదు. అటక మీది నుంచి దించిన పాత ట్రాన్సిస్టరు ఒకటి చాప మీద పెట్టింది. ఒకప్పుడు కడప స్టేషను పాటలు పలికిన డబ్బా అది. మోగక ఏండ్లయింది. పక్కన ఒక స్క్రూడ్రైవరు. "దీంట్లో మీ జేజినాయన దినామూ పాటలు వింటాండె. పాట యాడుందో తీసి చూపించండ్రా" అంది. ఇంకేం కావాలి పిల్లలకు! స్క్రూలు ఊడాయి. వెనక రేకు వచ్చేసింది. ఒకడు స్పీకరు పీకి అయస్కాంతానికి మొలలు అంటించాడు. ఒకతి రాగి తీగ చుట్ట విప్పింది. బ్యాటరీ కారి పట్టిన పచ్చటి తుప్పు వేళ్లకు అంటుకుంది. పాట దొరకలేదు. "పాట లేదు జేజీ, ఉత్త వైర్లే" అన్నాడు పెద్దవాడు. "సరే, మళ్లీ బిగించండి" అంది జేజి. బిగించలేకపోయారు. రెండు స్క్రూలు మిగిలిపోయాయి, స్పీకరు ఎటు తిప్పినా పట్టలేదు.

అప్పుడు మొదలుపెట్టింది కక్కయ్య కథ.

పనితనం అంటే ఇదే. మనం సాధారణంగా కథ చెప్పి, తర్వాత పిల్లల చేత ఏదో చేయిస్తాం. ఆమె చేతిపని ముందు పెట్టింది, కథ వెనక పెట్టింది. దాంతో కక్కయ్య కత్తి తీసుకునే వేళకు పిల్లలు అతని మీద తీర్పు చెప్పే స్థితిలో లేరు. పది నిమిషాల కింద తామూ అదే పని చేశారు. వాళ్ల వేళ్లకు ఇంకా తుప్పు ఉంది. నెత్తురు గురించి ఆమె ఒక్క మాటే అని ముందుకు పోయింది. ఎక్కువ చెప్పాల్సిన అవసరమే రాలేదు. భయం పుట్టించాల్సిన చోట ఆమె సిగ్గు పుట్టించింది. కథలో కత్తి కన్నా ముఖ్యమైన చోటు ఇంకొకటుంది, కక్కయ్య చాటు నుంచి వినడం. ఆ భాగం ఆమె మెల్లగా, సాగదీసి చెప్పింది. స్వామి సిద్ధయ్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పినాడు, కక్కయ్య గోడ అవతల నిలబడి సగం విన్నాడు అని రెండుసార్లు అంది. రేడియోకూ కథకూ సంబంధం ఏమిటో మాత్రం చెప్పలేదు. "అర్థమైందా?" అని అడగలేదు. బ్రహ్మంగారు నీళ్లు చల్లి బతికించారు అన్నాక, చాప మీద పడి ఉన్న రేడియో ముక్కల వైపు పిల్లలు తమంతట తామే చూశారు.

మా ప్రాంతానికి బ్రహ్మంగారు దూరపువాడు కాదు. ఆయన ఉన్నదీ, జీవసమాధి అయిందీ కందిమల్లాయపల్లె. ఇప్పుడు దాని పేరే బ్రహ్మంగారి మఠం. 1693లో వైశాఖ శుద్ధ దశమి నాడు సమాధిలో ప్రవేశించారని సంప్రదాయం చెబుతుంది. ఏటా ఆ రోజుకు ఆరాధన జరుగుతుంది. దూదేకుల ఇంట పుట్టి ఆయనకు అందరికన్నా దగ్గరి శిష్యుడైన సిద్ధయ్య సమాధి ముడుమాలలో ఉంది. అందుకే పక్కింటి దూదేకుల పిల్లవాడు వచ్చి చాప మీద కూర్చుంటే ఆ ఇంట్లో ఎవరికీ వింత కాదు. సిద్ధయ్య కథ వచ్చినప్పుడు వాడే ముందు కూర్చుంటాడు. ఒక్క ఇబ్బంది ఏమంటే, 1984లో ఎన్టీ రామారావు సినిమా వచ్చినప్పటి నుంచీ పెద్దవాళ్లకు బ్రహ్మంగారంటే ఆ ముఖమే కళ్లముందు మెదులుతుంది. జేజి పాఠంలో బొమ్మలు ఉండవు. కావాలనే పెట్టదు అనుకుంటాను.

ఇంకో శనివారం అచ్చమ్మ ఆవుల కథ. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట బ్రహ్మంగారు పశువుల కాపరిగా ఉన్నారు. ఆవులను రవ్వలకొండకు తోలుకుపోయి, వాటి చుట్టూ గీత గీసి, తాను గుహలో కూర్చుని తాటాకుల మీద కాలజ్ఞానం రాసుకునేవారు. ఆవులు గీత దాటేవి కావు. ఈ కథకు జేజి చేసిన ఏర్పాటు చూడండి. నడవలో ముగ్గుపిండితో పెద్ద చుట్టు గీసింది. పిల్లలందరూ ఆవులు, లోపల కూర్చోవాలి. బయట ఒక గిన్నెలో బొరుగులు, వేయించిన శనగగింజలు, బెల్లం ముక్కలు. ఆ గిన్నె పెట్టిన చోటే అసలు సంగతి. మధ్యాహ్నమే ఆమె అందరికన్నా చిన్నదాన్ని పిలిచి, ఆడుతున్నట్టు చెయ్యి చాపించి, కొలత చూసుకుంది. గిన్నె ఆ చేతికి జానెడు అవతల ఉంది. ఇంకా దూరం పెడితే పిల్లలు ఆశ వదులుకుంటారు. దగ్గర పెడితే గీత దాటకుండానే అందుతుంది. గిన్నె పెట్టి, "పొయ్యి మీద పాలు పెట్టొచ్చినా" అంటూ ఆమె లోపలికి పోయింది. పొయ్యి మీద పాలేమీ లేవు.

తిరిగి వచ్చేసరికి ముగ్గు ఒక చోట చెరిగి ఉంది. ఎవరు చెరిపారని అడగలేదు. కథ చెప్పి, ఒకటే ప్రశ్న వేసింది. "ఆవులకు గీత కనపడింటుందంటారా?" పిల్లలు తలా ఒకటి చెప్పారు. స్వామి అంటే భయమని ఒకరు, మంత్రమని ఒకరు. ముడుచుకుని కూర్చున్న ఒక పిల్లవాడు మాత్రం "ఆవులకు గడ్డి లోపలే ఉండె గదా జేజీ, మాకు బొరుగులు బయట పెడితివి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. నోటు పుస్తకం తీసి ఆ మాట రాసుకుంది.

ఆ నోటు పుస్తకం చూడాల్సిందే. బడి పిల్లలు వాడే రూళ్ల పుస్తకం. ఎడమ పక్క పేజీలో కథ ఉంటుంది. కథ అంటే ఐదారు మాటలే, 'చాటు', 'సగం', 'కత్తి (ఒక మాట)', 'నీళ్లు'. వరుస తప్పకుండా ఉండటానికి అంతే చాలు, మిగతాది నోట్లో ఉంది. కుడి పక్క పేజీ ఖాళీ. అది పిల్లలది. వాళ్లు అడిగింది, అన్నది అక్కడికి ఎక్కుతుంది. గడ్డి సంగతి అన్నవాడి మాట అక్కడే ఉంది, కింద గీత కొట్టి. బుధవారం నుంచే ఆమె ఎడమ పేజీ తయారు చేసుకుంటుంది, కుడి పేజీ చదువుకుంటూ. అంటే వచ్చే వారం పాఠం పోయిన వారం ప్రశ్నలోంచి పుడుతుంది. అచ్చు పుస్తకంలోంచి పాఠం తీసుకునేవాళ్లకు ఈ వీలు ఉండదు.

ఇలాంటి రాత్రులు లోకంలో మనవి మాత్రమే కాదు. అమెరికాలో మోర్మన్ సంఘం పెద్దలు 1915లోనే నియమంగా ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని దేవుడి మాటలు చెప్పుకోండని కుటుంబాలకు సూచించారు. 1970 నుంచి దానికి సోమవారం రాత్రిని కేటాయించి, ఆ రోజు సంఘం పనులు వేరే ఏవీ పెట్టకుండా చూసుకున్నారు. పాఠాల పుస్తకాలు అచ్చు వేసి పంచారు. మన పుట్టపర్తి సత్యసాయి సంస్థ వాళ్ల బాలవికాస్ తరగతుల్లో వారం వారం ప్రార్థన, మౌనం, కథ, సామూహిక గానం, కలిసి చేసే పని అని ఐదు అంగాలు పెట్టుకున్నారు. మంచి ఏర్పాటే. ఎవరు కూర్చున్నా నడుస్తుంది. జేజి పాఠం ఆమె లేకపోతే నడవదు. అది లోపమే. అయితే ఐదు అంగాలూ ఆమె దగ్గరా ఉన్నాయి, కాకపోతే ఏది ముందు, ఏది వెనక అన్నది వారం వారం మారుతుంది.

వేమన వారం ఇంకో రకం. వేమన సమాధి ఉన్న కటారుపల్లె కదిరి వైపు ఉంది. ఆయన పద్యాలను 1829లో అచ్చుకెక్కించిన సీపీ బ్రౌన్ కడపలో 1820లో దిగినవాడు. తాటాకు ప్రతులు తెప్పించి, పండితులకు జీతమిచ్చి, ఒక ప్రతితో ఇంకో ప్రతిని పోల్చి 693 పద్యాలు తేల్చాడు. ఆయన పేరు మీది గ్రంథాలయం ఇప్పుడు కడపలో ఉంది. జేజి పిల్లలను బ్రౌన్ దొర పనికి పెట్టింది. ఒక్కొక్కరు ఒక్కో ముసలిమనిషి దగ్గరికి పోయి ఒక వేమన పద్యం అడిగి రాసుకు రావాలి, ఇద్దరు ఒకే మనిషిని అడగకూడదు. శనివారం చదివించింది. ఒకే పద్యం ఇద్దరు తెచ్చారు. మూడో పాదంలో ఒక మాట వేరు. పిల్లలు ఎవరిది తప్పని కొట్లాడుకున్నారు. ఆమె రెండూ రాయించి, మీకు ఏది బాగుంటే అది పాడండి, రెండోదాన్ని మాత్రం కొట్టేయొద్దు అంది. ఆ రాత్రి మతపాఠమో సాహిత్యపాఠమో నేను తేల్చలేను. పద్యం తెచ్చే నెపంతో నాలుగు ఇళ్ల ముసలివాళ్ల దగ్గర పిల్లలు కాసేపు కూర్చున్నారన్నది మాత్రం నిజం.

నాకు నచ్చనిదీ ఉంది. చివర పాడే తత్వాలు. హార్మోనియం లేదు, చిడతలు, ఒక కంజిర. గొంతు మంచిదే. అయితే మూడో తత్వం వచ్చేసరికి చిన్నవాళ్లు తూగుతుంటారు. ఆమెకు మాత్రం అప్పుడే ఊపు వస్తుంది. కథ దగ్గర అన్ని కొలతలు చూసుకునే మనిషి పాట దగ్గర కొలత మరిచిపోతుంది. పైగా తత్వంలో మాటలకు అర్థం చెప్పదు. 'మూలాధారం', 'సుషుమ్న' అంటూ పిల్లలు చిలకల్లా పాడుతుంటారు. అడిగితే "నోటికొచ్చినాక అర్థం అదే వస్తాది లేప్పా" అంది. రాకపోతే? నేను రెట్టించలేదు.

కాలజ్ఞానాన్ని ఆమె పాఠంలోకి రానివ్వకపోవడం మాత్రం నాకు బాగా నచ్చింది. ఏ వరద వచ్చినా, ఏ జబ్బు వచ్చినా, ఇది బ్రహ్మంగారు అప్పుడే చెప్పారంటూ ఫోన్లలో తిరిగే మాటలు మనకు కొత్త కాదు. పిల్లలు అవి పట్టుకొస్తే, "స్వామి రాసింది జరగబోయేదాని గురించి కాదు రా, జరుగుతాండేదాని గురించి" అని పక్కన పెట్టేస్తుంది. పండితులు ఒప్పుకుంటారో లేదో గానీ పాఠం చెప్పేవాళ్లకు ఇది పనికొచ్చే ఎరుక. జోస్యం పిల్లల నోళ్లు మూయిస్తుంది, వాళ్లు అడగడానికి ఏమీ మిగల్చదు.

కక్కయ్య రాత్రికి మళ్లీ వస్తాను. కథ అయిపోయాక రాగి తీగ విప్పిన పిల్ల అడిగింది. "ఆమె లేసినాక కక్కయ్యతో ఏమనింది జేజీ?" కథలో ఆమె మాట లేదు. జేజి తెలిసినట్టు నటించలేదు, ఏదో ఒకటి కల్పించి చెప్పనూ లేదు. కుడి పేజీలో రాసుకుంది. మరుసటి శనివారం ఎడమ పేజీలో బ్రహ్మంగారి మనవరాలు ఈశ్వరమ్మ కథ ఉంది. తాత తర్వాత జనానికి బోధ చెప్పిన మనిషి ఆమె. ఆమె పేరుతో బ్రహ్మంగారి మఠంలోనే ఇంకో మఠం ఉంది. ప్రశ్నకు అది జవాబు కాదు. అడిగిన పిల్లకు మాట్లాడిన ఒక ఆడమనిషిని చూపించింది, అంతే. ఆ రాత్రి చేతిపని కూడా ఆ పిల్లకే వచ్చింది. చాప ముందు కూర్చుని, పోయిన వారం విన్న కక్కయ్య కథను అతని పెళ్లాం చెబుతున్నట్టు చెప్పాలి. పిల్ల రెండు మాటలు చెప్పి ఆగిపోయింది. జేజి అందించలేదు. కాసేపటికి పిల్లే మళ్లీ అందుకుంది.

ఒక కథ మాత్రం ఆమె ఎప్పటి నుంచో వాయిదా వేస్తోంది. శిష్యులను పరీక్షించడానికి బ్రహ్మంగారు కుళ్లిన కుక్క శవాన్ని తినమన్నది, సిద్ధయ్య ఒక్కడే ముందుకొచ్చి తిన్నది. నోటు పుస్తకంలో ఎడమ పేజీ మీద 'కుక్క' అని రాసి ఉంది, దాని కింద ఏమీ లేదు. ఎందుకు చెప్పలేదని అడిగాను. "గురువు చెప్తే ఏమైనా చేయాల అని పిల్లోల్లకు నేర్పితే రేపు ఎవురు ఏం చెప్పినా చేస్తారు. చేయొద్దు అని చెప్తే సిద్ధయ్య పోతాడు. దీనికి చేతిపని దొరకలేదప్పా ఇంకా" అంది. ఈ వారానికి మళ్లీ వేమనే.