తీగకి గుచ్చిన ఉత్తరాలు

మా అమ్మ వచ్చిన ఉత్తరాలన్నీ ఇనప తీగకి గుచ్చేది. తీగ నిండితే పాతవి పొయ్యిలోకే! శాస్త్రవేత్త చార్లెస్ డార్విన్‌దీ అదే అలవాటట. 1862కి ముందు ఆయనకొచ్చిన జాబులు చాలావరకు అలాగే బూడిదయ్యాయి.

మిగిలినవాటిని వెతికి కూర్చే పని 1974లో మొదలైంది. మొదటి సంపుటం 1985లో, ఆఖరిదైన 30వది 2023లో వచ్చాయి. 15,000కు పైగా ఉత్తరాలు! అజీర్తి గోలా, విత్తనాల గొడవా ఎవరిక్కావాలి అని విసుక్కుంటూనే కొన్ని తిరగేశాను. విసుగు పోయింది. ఆత్మకథలో ఆయనొక్కడే మాట్లాడతాడు. ఇక్కడ ఎదుటివాళ్లూ మాట్లాడతారు. పురుగుల్ని తినే మొక్కల గురించి అమెరికా నుంచి రాసిన మేరీ ట్రీట్ వంటి స్త్రీల గొంతు కూడా వినిపిస్తుంది. ఈ సంపుటాల గొప్పతనమంతా అదే. తొలి సంపుటాల్లో మాత్రం చాలాచోట్ల జవాబే ఉంటుంది, ప్రశ్న ఉండదు. తప్పు సంపాదకులది కాదు, మంటది.

పెళ్లయిన కొత్తలో, భర్తకు దేవుడి మీద నమ్మకం సడలుతోందని బెంగపడి ఎమ్మా ఒక ఉత్తరం రాసింది. దాన్ని ఎన్నోసార్లు ముద్దుపెట్టుకుని ఏడ్చానని ఆయన అడుగున రాసుకున్నాడు. అది మాత్రం మంటలోకి పోలేదు.

మా అమ్మ పొయ్యిలో ఏమేం కాలిపోయాయో! మీ ఇంట్లో తీగ ఇంకా ఉంటే, ఒకసారి దింపి చూడండి.