మాడిన గింజ, తిన్న మెతుకు: దక్షిణ నవీన శిలాయుగ ఆహార నిర్ధారణపై ఒక విమర్శ

దక్షిణ భారత నవీన శిలాయుగ రైతుల ఆహారాన్ని గూర్చిన నేటి అవగాహనకు డోరియన్ ఫుల్లర్, రవి కొరిసెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య, మార్టిన్ జోన్స్ 2004లో ప్రకటించిన వ్యాసం ఒక ముఖ్యాధారం. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లలోని క్రీ.పూ. 2800-1200 నాటి స్థలాల మట్టిని నీటిలో కలిపి, పైకి తేలిన మాడిన గింజలను వారు పరీక్షించారు. ఉలవ, పెసర, అండుకొర్ర, కొర్రజాతికే చెందిన మరొక గడ్డిధాన్యం పదేపదే కనిపించాయి. గోధుమ, బార్లీ కొన్ని చోట్ల మాత్రమే లభించాయి.

ఈ నిర్ధారణకు బలం పునరావృతి. ఒకచోట దొరికిన గింజ యాదృచ్ఛికం కావచ్చు. అనేక స్థలాల్లో అవే నాలుగు దొరకడం యాదృచ్ఛికం కాదు. అయితే గింజ మిగలాలంటే దానికి నిప్పు తగలాలి, కాని అది బూడిద కాకూడదు. ఆకుకూరలకు ఆ అవకాశం అరుదు. కనుక దొరికిన గింజల లెక్కను భోజనంలోని పాళ్ళుగా చదవడం పొరపాటు.

రెండవ చిక్కు పేడ. మహబూబ్‌నగర్ ప్రాంతపు ఉట్నూరులో తవ్వకాలు జరిపిన ఎఫ్. ఆర్. ఆల్చిన్, అక్కడి బూడిదదిబ్బ పశువుల దొడ్లలో పేడ కాలి ఏర్పడినదని 1963 నాటి గ్రంథంలో ప్రతిపాదించాడు. పేడతో పాటు కాలిన గింజ మనిషి తిన్నదా, పశువు మేసినదా? ఎద్దులకు ఉడికించిన ఉలవల నీటితోనే చారు కాచుకోవడం తెలుగు రైతుల ఇళ్ళలో ఎరిగినదే. నాలుగు వేల ఏళ్ళ అవిచ్ఛిన్నతకు ఈ అలవాటు సాక్ష్యం కాజాలదు. ఒకే గింజ ఇద్దరి ఆకలీ తీర్చగలదని మాత్రం అది గుర్తుచేస్తుంది. అందువల్ల గింజ పేరుతో పాటు అది దొరికిన చోటు, అంటే పొయ్యియా, గాదెగుంతా, పేడదిబ్బా అన్నది కూడా ఆధారంలో భాగమే.

మూడవది పేర్ల సమస్య. ‘చిరుధాన్యాలే మన ఆదిమ ఆహారం’ అనే ప్రచారంలో రాగి, సజ్జ, జొన్న కూడా కలిసిపోతున్నాయి. ఈ మూడూ ఆఫ్రికాలో పుట్టి తరువాత ఇక్కడికి చేరిన పంటలు. అండుకొర్రను కేవలం ‘కొర్ర’ అని అనువదించినా వేరొక ధాన్యం చరిత్రలోకి చొరబడుతుంది. తెలుగులో వెలువడే పరిశోధన ఈ భేదాలను పాటించకపోతే, తవ్వకం తేల్చిన నిజం వాక్యంలోకి వచ్చేసరికి మారిపోతుంది.